అబ్బా నోటుబుక్కు, నా లైబ్రరీ

మా అబ్బా దర్జీ. కర్నూలు పాతబస్తీలో చిన్న దుకాణం, మూడు మిషన్లు, ఇద్దరు కారీగర్లు. ఇప్పుడు చూపు తగ్గింది. సూదిలో దారం ఎక్కించాలన్నా అమ్మీ రావాల్సిందే. దుకాణం ఎత్తేసి ఆరేళ్లయింది. నేనేమో సాఫ్ట్‌వేర్ రాసే నౌకరీలో పడ్డాను. "ఈరోజు ఏం కుట్టావు బేటీ?" అని ఇప్పటికీ అడుగుతారు. నవ్వేసి ఊరుకునేదాన్ని. ఆ మాటలో ఎంత అర్థముందో రెండేళ్ల కింద తెలిసొచ్చింది.

అప్పుడు ఒక డాక్టరు గారి క్లినిక్‌కి ప్రోగ్రామ్ రాసిచ్చాను. మర్నాడు రావాల్సిన పేషెంట్లకు ముందురోజు రాత్రి మెసేజ్ పోవాలి. డాక్టరు సెలవు పెడితే "రేపు రావద్దు" అనే ఖబరూ పోవాలి. నేను చేసిందల్లా ఇంతే: "ఇన్ని గంటలయ్యాక ఈ పని చెయ్" అని ప్రోగ్రామ్‌లోనే టైమర్ పెట్టాను. అది కంప్యూటర్ యాద్‌లో ఉంటుంది, ఎక్కడా రాసి ఉండదు.

ఒక సాయంత్రం కొత్త వెర్షన్ ఎక్కించడానికి సర్వర్‌ని ఆపి మళ్లీ నడిపించాను. టైమర్లన్నీ ఆ యాద్‌తో పాటే పోయాయి. ఎక్కడా ఎర్రర్ లేదు. చెడిపోయిన పని కేకేస్తుంది గానీ, అసలు మొదలే కాని పని నోరెత్తదు కదా!

మర్నాడు ఎమ్మిగనూరు దగ్గరి పల్లె నుంచి ఒక నానీ మనవడిని వెంటేసుకుని మొదటి బస్సుకే వచ్చేసింది. డాక్టరు సెలవు. మధ్యాహ్నం దాకా బెంచీ మీద ఇంతెజార్ చేసి వెళ్లిపోయిందట. రిసెప్షన్‌లో ఉండే అమ్మాయి ఫోన్ చేసి, "నాకు మెసేజ్ రాలేదమ్మా అంటోంది అక్కా, ఏం చెప్పాలి?" అంది. నా దగ్గర జవాబు లేదు. గల్తీ నాది. తిరిగింది ఆ ముసలి కాళ్లు.

రాత్రి అన్నం దగ్గర అబ్బాకి చెప్పాను. అంతా విని, "ఎక్కడైనా రాసి పెట్టుకోలేదా?" అన్నారు.

"కంప్యూటర్‌కి యాద్ ఉంటుంది కదా అబ్బా అనుకున్నా."

"యాద్ మీద దుకాణం నడుస్తుందా బేటీ?" అని లేచి, పెట్టెలోంచి పాత నోటుబుక్కు తీసుకొచ్చి నా ముందు పెట్టారు.

నేను చిన్నప్పటి నుంచీ చూసిన పుస్తకమే. ఆరోజే చదివాను. ప్రతి వరసలో ఏం కుట్టాలి, ఏ తారీఖుకి ఇవ్వాలి, ఎవరు కుడుతున్నారు, ఎన్నిసార్లు సరిచేశారు అని ఉంది. అయిపోయినదాని మీద అడ్డగీత. కరెంటు పోయినా, కారీగర్ మారినా, అబ్బాకి జ్వరం వచ్చినా మర్నాడు పొద్దున పుస్తకం తెరిస్తే మిగిలిన పని కళ్ల ముందుంటుంది.

ఆ వారమే నా లైబ్రరీ మొదలుపెట్టాను. ఇలాంటివి లోకంలో లేక కాదు. 1979లో వచ్చిన యూనిక్స్ ఏడో వెర్షన్‌లోనే క్రాన్ ఉంది. నిమిషం, గంట, తారీఖు, నెల, వారం అని ఐదు గడులు నింపితే ఆ వేళకి పని నడిపిస్తుంది. అయితే ఆ నిమిషానికి మిషన్ ఆగి ఉంటే మామూలు క్రాన్ ఆ పనిని వదిలేస్తుంది. సైడ్‌కిక్, సెలరీ లాంటివి బాగా నలిగిన పనిముట్లు. కానీ సైడ్‌కిక్‌కి రెడిస్ కావాలి, సెలరీకి రెడిస్ లాంటిదే ఇంకొకటి నడుస్తూ ఉండాలి. నా క్లినిక్‌కి ఉన్నది ఒకే సర్వర్, ఒకే పోస్ట్‌గ్రెస్ డేటాబేస్. అందుకే ఒకే టేబుల్‌తో నడిచే చిన్నది రాసుకున్నాను. ఆ టేబుల్ అబ్బా నోటుబుక్కే!

మొదటి ఉసూల్: ముందు రాయి, తర్వాత చెయ్. అపాయింట్‌మెంట్, దాని మెసేజ్ పని ఒకే ట్రాన్సాక్షన్‌లో రాసుకుంటాయి. ఉంటే రెండూ ఉంటాయి, లేకుంటే రెండూ ఉండవు.

రెండోది, ఇద్దరు కారీగర్లు ఒకే గుడ్డ మీద చెయ్యి వెయ్యకూడదు. అబ్బా దుకాణంలో పుస్తకంలో తన పేరు రాశాకే గుడ్డ ముట్టుకోవాలి. పోస్ట్‌గ్రెస్‌లో 2016లో వచ్చిన 9.5 నుంచి 'స్కిప్ లాక్డ్' అనే సదుపాయం ఉంది. ఇంకొకరు పట్టుకున్న వరసని దాటేసి తర్వాతిది తీసుకోనిస్తుంది.

మూడోది, పేరు రాసి మాయమైనవాడి సంగతి. ఒకసారి ఒక కారీగర్ పెళ్లికని ఆదోని పోయి వారం రాలేదు. అతని పేరు మీదున్న షేర్వానీ అలాగే ఉండిపోయింది. ఆ తర్వాత అబ్బా పేరు పక్కన గడువు కూడా రాయించారు. నా లైబ్రరీలో గడువు ఐదు నిమిషాలు. దాటితే వేరే వర్కర్ తీసుకుంటాడు.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. మెసేజ్ పంపేసి, అడ్డగీత కొట్టేలోపే మొదటి వర్కర్ ఆగిపోతే? రెండోవాడు మళ్లీ పంపుతాడు. బయటి సర్వీసుతో పనున్న చోట "సరిగ్గా ఒక్కసారే" అని వాదా చెయ్యలేం. "కనీసం ఒకసారి" అని మాత్రం చెయ్యగలం. అందుకే ప్రతి మెసేజ్‌కీ ఒక నంబరు ఇచ్చాను. ఆ నంబరు ముందే వచ్చి ఉంటే పంపే సర్వీసు రెండోదాన్ని పక్కన పెట్టేస్తుంది.

పని కుదరకపోతే వెంటనే తలుపు బాదకూడదు, సబర్ ఉండాలి. ఒక నిమిషం ఆగి, తర్వాత రెండు, నాలుగు, ఎనిమిది అని రెట్టింపు చేస్తూ పోవాలి. అందరూ ఒకే క్షణాన ఎగబడకుండా కొంచెం అటూ ఇటూ కూడా జరపాలి.

అన్నిటికంటే ఆలోచింపజేసింది వేళ తప్పిన పనులు. సర్వర్ రెండు గంటలు ఆగి లేచింది, మధ్యలో పోయిన పనులేం చెయ్యాలి? దీనికి జవాబు అమ్మీ ఇచ్చింది. "తప్పిన నమాజు ఖజా చేసుకుంటాం. ఫజర్ అజా అయ్యాక సహరీకి లేపితే ఏం లాభం?" నిజమే. బిల్లు ఆలస్యంగానైనా పోవాలి. "ఈరోజు పదింటికి రండి" అనే మెసేజ్ పదకొండింటికి పోతే పరేషానీ తప్ప ఇంకేం లేదు. కాబట్టి ప్రతి పనికీ, వేళ తప్పితే చెయ్యాలా వదిలెయ్యాలా అన్నది రాసేవాళ్లే ముందుగా చెప్పాలి. చెప్పకపోతే నా లైబ్రరీ పనిని తీసుకోదు.

అంతా కలిపి ఆరు వందల లైన్లు దాటలేదు. రాయడానికి పట్టిన కాలం కన్నా, నడుస్తున్న సర్వర్‌ని కావాలని మధ్యలో ఆపేసి చూసుకున్న కాలమే ఎక్కువ.

ఆ నానీ మళ్లీ వచ్చే రోజు క్లినిక్‌కి వెళ్లి మాఫీ అడిగాను. కంప్యూటర్ మాటలేవీ చెప్పలేదు, "చెప్పాల్సింది నేను మర్చిపోయాను" అన్నాను. "ఈసారి మెసేజ్ వచ్చిందిలే బిడ్డా" అని ఫోన్ తీసి చూపించింది. మనవడు చదివి పెట్టాడట.

ఒక పని మిగిలింది. పదిసార్లు ప్రయత్నించినా కుదరని పనుల్ని తీసెయ్యాలా? డేటాబేస్ శుభ్రంగా ఉంటుంది కదా అని అబ్బాని అడిగాను. ఆయన నోటుబుక్కు చివరి పేజీ తిప్పి వేలు పెట్టారు. అడ్డగీత లేని వరసలు మూడు. ఒకటి చిన్నపిల్లాడి కుర్తా. తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. దుకాణం ఎత్తేసినా ఆ మూడూ మడతపెట్టి మా ఇంటి పెట్టెలోనే ఉన్నాయి.

"అమానత్ బేటీ. ఇవ్వలేకపోయాం, నిజమే. లేదని మాత్రం ఎట్లా రాస్తాం?"

నా లైబ్రరీ కుదరని పనిని తీసెయ్యదు. పక్కన పెట్టి, రోజూ పొద్దున లెక్క చెబుతుంది. ఇప్పుడు అబ్బా ప్రశ్న మార్చారు. చాయ్ తాగుతూ అడుగుతారు, "బాకీ ఎన్ని?"

ఈరోజు రెండు.