మంగళమునకు ముందు

కాలము ఋతువులుగా విభజింపబడి యుండుట మానవునకు గొప్ప మేలు. మండువేసవి నడుమ నున్నవాడు తొలకరి రాగలదని యెఱుగును. శిశిరమున ఆకు రాల్చిన వేపచెట్టును చూచి ఎవ్వరును గొడ్డలి చేతబట్టరు. చైత్రము వచ్చుసరికి అది చిగిర్చి పూచునని పసిబాలురకును తెలియును. ప్రకృతిలోని ముగింపులు ముందుగా తెలియవచ్చును. మనుష్యుల మైత్రులకును, బంధుత్వములకును, జీవితములకును మాత్రము అట్టి పంచాంగము లేదు. ఈ భేదమును సంగీతము మూలమున గ్రహించిన యొక రసికుని తలపులు ఇందు చెప్పబడుచున్నవి.

కృష్ణాతీరమున నొక పట్టణమున ఆ రసికుడు నివసించుచుండెను. ఆయన గాయకుడు కాడు. వాద్యమేదియు నేర్చినవాడును కాడు. ఒక కార్యాలయమున లెక్కలు వ్రాసి జీవితము గడపిన సామాన్య గృహస్థు. వినుటయే ఆయన విద్య. 1948లో విజయవాడ రేడియో కేంద్రము వెలసినప్పుడు ఆయన బాలుడు. ఆ కేంద్రమువారి భక్తిరంజని వినుచు పెరిగి పెద్దవాడయ్యెను.

ఆయన సంవత్సరమును సంగీతముతో కొలిచెడివాడు. చైత్రమన్నచో ఆయనకు శ్రీరామనవమి పందిళ్లు, పానకము, రాత్రి తెల్లవార్లు సాగు హరికథలు. వానకాలమున ఊరిలో కచేరీలు తగ్గిపోవును. అప్పుడు వీధియరుగుపై కూర్చుండి, మబ్బులను చూచుచు, అమృతవర్షిణి రాగమును తలంచుకొనెడివాడు. ముత్తుస్వామి దీక్షితులు ఎట్టయపురము చెంత ఎండిన నేలను చూచి, కరగి, ఆ రాగమున పాడగా వాన కురిసెనని సంప్రదాయకథ కలదు. శరత్తున దసరా కచేరీలు. హేమంతమున చెన్నపురి సభలు. 1928లో స్థాపింపబడిన మ్యూజిక్ అకాడమీ మొదలగు సభలలో డిసెంబరు నెలయందు జరుగు కచేరీలను ఆయన రేడియోలో వినెడివాడు. హేమంతము ముగియ వచ్చునప్పటికి పుష్యబహుళ పంచమి వచ్చును. 1847 జనవరి 6వ తేదీన త్యాగరాజస్వామి సిద్ధిపొందిన తిథి యది. ఆ దినమున కావేరీతీరమందలి తిరువయ్యారునందే కాక, తెలుగుదేశమున ఊరూరను ఆరాధన జరుగును. ఆ రసికుని సంవత్సరము అచ్చట పూర్తి యగును.

ఒక యేట ఆ పట్టణమందలి ఆరాధనసభలో వృద్ధ విద్వాంసుడొకరు పాడిరి. ఆనాడు వారి కంఠము సహకరింపలేదు. తారస్థాయిలో గొంతు జీరవోయెను. పల్లవిలో ఎత్తుగడ ఒకమా ఱొక యక్షరము తప్పెను. సభలో కొందఱు ఒకరి మొగము నొకరు చూచుకొనిరి. విద్వాంసులు కలత చెందక, కచేరీని క్రమముగా నడపి, చివర మధ్యమావతి నెత్తుకొనిరి. పిదప సౌరాష్ట్ర రాగమున మంగళము పాడిరి. జనులు తృప్తులై యిండ్లకు మరలిరి. తప్పినచోటులను ఎవ్వరును మఱల ఎత్తలేదు.

కచేరీ చివర మధ్యమావతి పాడినచో, అంతకు ముందు దొరలిన దోషములు పరిహారమగునని పెద్దల నమ్మకము. రసికుడు ఈ మాటను చిన్నతనమునుండి వినియున్నాడు. కాని ఆ రాత్రి ఆయన మనసున ఒక సందేహము పుట్టెను: "తప్పిన స్వరము తప్పినదే గదా! తరువాత పాడిన రాగము దానిని ఎట్లు దిద్దగలదు?"

ఆ సందేహము వెనుక మఱియొక బాధ యుండెను. ఆయనకొక తమ్ముడు కలడు. తండ్రి యొకప్పుడు భజనలలో మీటిన పాత తంబుర ఒకటి పల్లెలో తమ్ముని యింట నుండెడిది. తమ్ముని కూతునకు సన్నిపాతజ్వరము వచ్చిన యేడు అతడు ఆ తంబురను అమ్మివేసెను. అన్నగారికి ఆ వార్త ఇతరుల నోట వినవచ్చెను. "నన్నడిగిన నేను ధనమీయకుందునా? తండ్రి చేతి వస్తువును పరులకు అమ్మునా?" అని ఆయన క్రోధించెను. నాటినుండి ఏడు సంవత్సరములు అన్నదమ్ములకు మాటలు లేవు.

మఱునాడు రసికుడు తనకు పరిచితులైన ఫిడేలు పంతులుగారి కడకు పోయి సందేహమును మాత్రము తెలిపెను, బాధను తెలుపలేదు. పంతులుగారు నవ్వి ఇట్లనిరి: "మధ్యమావతిలో నున్నవి ఐదు స్వరములే: షడ్జము, రిషభము, మధ్యమము, పంచమము, నిషాదము. ఖరహరప్రియకు ఇది జన్యము. గాంధార ధైవతములు దీనిలో లేవు. ఉన్న ఐదింటిలో ప్రతి స్వరమునకును సంవాదిస్వరము అందే యున్నది. షడ్జమునకు మధ్యమ పంచమములు, రిషభమునకు పంచమము, నిషాదమునకు మధ్యమము తోడు. తోడు లేని స్వరము లేకుండుటచేత ఈ రాగము వినువారికి శాంతి కలుగుచున్నది. ఇక దిద్దుట యందురా? ఇటు చూడుడు."

ఇట్లని వారు శ్రుతిపెట్టెను ఒకటవ శ్రుతిలో నుంచి, ఫిడేలుపై మోహనరాగమును వాయించిరి. అది ప్రాతఃకాలపు టెండవలె ప్రకాశించెను. పిమ్మట శ్రుతిపెట్టెను రెండవ శ్రుతికి మార్చి, మఱల వాయించిరి. ఈమాఱు వినవచ్చినది మధ్యమావతి!

"చూచితిరా? వాయించిన ఐదు స్వరస్థానములును మొదటివే. ఒక్కటియు మాఱలేదు. మోహనమున రిషభమైనది ఇప్పుడు షడ్జమైనది. మాఱినది ఆధార మొక్కటే. దీనిని గ్రహభేద మందురు. ఈ విధముగా మోహనముయొక్క గాంధారమును ఆధారము చేసికొన్న హిందోళము, పంచమమును చేసికొన్న శుద్ధసావేరి, ధైవతమును చేసికొన్న శుద్ధధన్యాసి పుట్టును" అని పంతులుగారు ముగించిరి.

రసికుడు ఇంటికి వచ్చి చాలసేపు ఆలోచించెను. నేల యొక్కటే, సూర్యుని గతి ననుసరించి అదియే వేసవిలో బీడుగాను, వానలలో పైరుగాను కనబడుచున్నది. స్వరములు అవియే, ఆధారము మాఱగా రాగము మాఱుచున్నది. తమ్ముడు తంబుర నమ్మెను, అన్నతో చెప్పలేదు. ఈ రెండును జరిగిన సంగతులు. వానిని మాఱ్ప నెవ్వరికిని శక్యము కాదు. కాని ఇన్నియేండ్లును తాను వానిని "నా హక్కు, నా గౌరవము" అను శ్రుతిపై వినుచుండెను. తమ్ముని యింట ఆ రాత్రి మంచముపై నున్న బిడ్డను శ్రుతిగా చేసికొని వినినచో ఆ సంగతులే మఱియొక తీరున వినవచ్చినవి. అంతకు ముందు భూమి పంపకములనాడు తాను పలికిన పరుషవాక్యములును ఆయనకు జ్ఞప్తికి వచ్చినవి. అట్టి అన్నను అడుగుటకు తమ్ముడు జంకుట వింతయా?

వెంటనే పోవలెనని తోచినను, అభిమానము అడ్డుపడెను. "ఉగాదికి పోయెదను; పండుగ పేరు చెప్పవచ్చును" అనుకొనెను. మఱల తనలో తాను తర్కించుకొనెను: "కచేరీలో పాడువానికి మంగళ మెప్పుడో తెలియును, కావున దానికి ముందు మధ్యమావతి పాడుకొనును. నా కట్టి తెలివిడి ఎవ్వ రిచ్చిరి?" మాఘము ప్రవేశించిన వారమున ఆయన పల్లెకు బయలుదేరెను.

తమ్ముడు మినుపచేనిలో నుండెను. అన్నను చూచి గట్టుపైకి వచ్చి, తలపాగ విప్పి, "అన్నయ్యా! ఇంత యెండలో నడచి వచ్చితివా? ఇంటికి పోదము రమ్ము" అనెను. దారిలో అతడే తంబుర మాట ఎత్తబోయెను. అన్న అతని భుజముపై చేయివైచి, "తంబుర పోయిన పోనిమ్ము, పిల్ల దక్కినది గదా!" అనెను. ఆ పిల్ల అప్పటికి పదునాఱేండ్లది. పెదనాన్నకు కాళ్లు కడుగుకొనుటకు నీళ్లు తెచ్చియిచ్చెను.

ఆ సంవత్సరపు శ్రీరామనవమి పందిటిలో అన్నదమ్ములు ఒక చాపపై కూర్చుండి హరికథ వినిరి. వానకాలమున తమ్ముడు బండిపై వడ్లు తెచ్చి అన్నగారింట దించిపోయెను. దసరాకు అందఱును కలసికొనిరి. కార్తికమాసమున తమ్మునకు గుండెపోటు వచ్చి, ఒక్క పూటలో ప్రాణము పోయెను. రసికునకు దుఃఖము కలిగెను. తమ్ముని చేయి పట్టుకొని ఏడ్చెను. కాని చెప్పవలసిన మాట చెప్పకుండ మిగిలిపోయె నను బాధ ఆయనకు లేకపోయెను.

క్షమించుట యన్నచో అన్యాయమునకు తలయొగ్గుట యని కొందఱు భ్రమపడుదురు. ఆరాధన చరిత్రయే ఈ భ్రమను తొలగించును. ఇరువదవ శతాబ్దపు తొలి దశకములలో తిరువయ్యారున ఆరాధన జరుపువారు రెండు పక్షములై కలహించిరి. స్త్రీలు అచ్చట పాడరాదని నిషేధ ముండెను. దేవదాసి కులమున 1878లో జన్మించిన బెంగుళూరు నాగరత్నమ్మగారు, శిథిలమైయున్న త్యాగరాజసమాధిని గుఱించి విని, తన ధనముతో అచ్చట మందిరము కట్టించిరి. తన ధనముతో కట్టిన మందిరముకడ తనకే పాడుట కధికారము లేకుండుటను ఆమె అంగీకరింపలేదు. స్త్రీలతో వేఱుగా ఆరాధన నేర్పఱచిరి. ఎన్నియో యేండ్లు పట్టుదలతో నిలిచిరి. 1940లో సంధి కుదిరినప్పుడు మాత్రము పాతపగను పట్టుకొనక అందఱితో కలసిరి. 1952లో ఆమె కన్నుమూసిరి. ఆమె సమాధియు స్వామిసన్నిధి చెంతనే యున్నది. నేడు ప్రతి సంవత్సరము స్త్రీపురుషులు ఏకగోష్ఠిగా పంచరత్నకీర్తనలు పాడుచున్నారు. అన్యాయము నెదుర్చుటయు, అది తొలగినపిమ్మట ద్వేషమును విడుచుటయు ఒకే హృదయమున ఇముడగలవని ఆమె జీవితము చాటుచున్నది.

కావున క్షమ అనగా అపస్వరమును సుస్వరమని పొగడుట కాదు. అపస్వరమును అపస్వరమని యెఱిగియు, కచేరీకి అదియే కడపటి స్వరము కాకుండ చూచుకొనుట. తప్పు చేసినవాడు మఱుదినమున సాధన చేసి తన గాత్రమును దిద్దుకొనవలెను. వినువాడు తన శ్రుతిని సరిచేసికొనవలెను. రెండును జరిగినప్పుడే సంగీతము.

తెలుగునాట ఒక నానుడి కలదు. ఎవరైన స్నేహమును తెంచుకొన్నచో, "వారి మైత్రికి మంగళము పాడిరి" అందురు. ఆ రసికునకు ఈ మాట సరిపడెడిది కాదు. "తెంచుకొని లేచిపోవుట మంగళ మెట్లగును? అది కచేరీ నడుమ తంబుర తీగ తెగుట. మంగళమనగా అందఱకును శుభము పలికి ముగించుట" అని ఆయన పిల్లలతో చెప్పెడివాడు. శిశిరము తరువాత వసంతము తప్పక వచ్చును. దానికి మన ప్రయత్న మక్కఱలేదు. మనసులలోని శిశిరము తొలగుటకు మాత్రము ఎవరో యొకరు ముందుగా నడచిపోవలెను. ఆ నడకకు పండుగ దినముకొఱకు కాచియుండ పనిలేదు.