బిగింపు

తుపాకీ గురించి ఈవిడ రాయటమేమిటని నవ్వకండి. పోయినేడాది టెక్సాస్‌లో మా తమ్ముడింట్లో నెల్లాళ్ళున్నాను. అక్కడివాళ్ళకి జింకల వేటంటే మనకి సంక్రాంతి కోడిపందేలంత సరదా! మావాడూ ఓ రైఫిలు కొని, దూరాన్ని దగ్గరగా చూపే దుర్భిణీ ఒకటి దానిమీద బిగించాడు. స్కోపంటారు దాన్ని.

దాని గొట్టాన్ని రెండు ఉంగరాలు పట్టుకుంటాయి. గొట్టమేమో పల్చటి అల్యూమినియం. చాలావాటికి అడ్డకొలత 30 మిల్లీమీటర్లే. అందుకే ఉంగరాల మరలకి ఇంతే బిగింపని లెక్కుంది. అంతకు మించకుండా ఆపే స్క్రూడ్రైవరు కూడా ఉంది.

"కదలకుండా ఉండాలిగా అక్కయ్యా!" అంటూ మావాడు మామూలు స్క్రూడ్రైవరుతో సత్తువంతా చూపించాడు. ఇంకేముంది! గొట్టం నొక్కుకుపోయింది. లోపలి అద్దాల గొట్టం పట్టేసి, మర ఎంత తిప్పినా గురి కదల్లేదు.

తప్పు తనదేనని రాసి కంపెనీకి పంపాడు. జీవితకాలపు వారంటీట. బిల్లయినా అడక్కుండా కొత్తది పంపారు. ఎంత బిగించాలో చెప్పే కాగితమూ జతచేశారు.

ఆ సాయంత్రమే పదహారేళ్ళ మా మేనల్లుడు స్నేహితుడింటికి బయల్దేరాడు. "ఎవరింటికి? ఎందుకు? ఎన్నింటికొస్తావ్?" మొదలెట్టాడు తమ్ముడు. పిల్లాడు జవాబు చెప్పకుండా గదిలోకెళ్ళి తలుపేసుకున్నాడు.

మా మరదలు ఆ కాగితం తెచ్చి భర్త చేతిలో పెట్టింది.

"ఇంకోసారి చదవండి. వీడికి వారంటీ లేదు."

నేను నవ్వబోయి ఆగిపోయాను. హైదరాబాదులో హాస్టల్లో ఉన్న మా అమ్మాయికి ఆ పూట నేను చేసిన ఫోన్లు నాలుగు!