ఉపసర్గల చుట్టరికం

“పిట్ట కొంచెం, కూత ఘనం” అన్న సామెత ఉపసర్గలకు చక్కగా సరిపోతుంది. ఒకటి రెండు అక్షరాలే అయినా, అవి మాటకు ముందు చేరి దాని అర్థాన్నే తలక్రిందులు చేయగలవు. ‘క్రయం’ అంటే కొనడం. దానికి ‘వి’ చేరగానే ‘విక్రయం’, అంటే అమ్మడం. ద్రావిడభాష అయిన తెలుగుకు ఈ జంట సంస్కృతం నుండి వచ్చింది. జర్మన్ భాషలోనూ ఇటువంటి జంట ఉంది. ‘కౌఫెన్’ అంటే కొనడం, ‘ఫెర్‌కౌఫెన్’ అంటే అమ్మడం.

అయితే ‘వి’, ‘ఫెర్’ ఒకే మూలం నుండి పుట్టినవి కావు. చేసే పని ఒకటైనంత మాత్రాన చుట్టరికం సిద్ధించదు. మరి భాషల బంధుత్వాన్ని నిర్ణయించేదెలా?

1786లో కలకత్తాలో న్యాయమూర్తిగా ఉన్న సర్ విలియం జోన్స్, జర్మానిక్ శాఖకు చెందిన గోతిక్ భాషకూ, కెల్టిక్ భాషలకూ సంస్కృతంతో ఒకే మూలం ఉండవచ్చునని ఊహించాడు. ఊహకు ఋజువు కావాలి. ఆ ఋజువు ధ్వనుల మార్పులో దొరికింది. మూలభాషలోని పకారం జర్మానిక్ భాషలలో ‘ఫ’గా మారుతుందని యాకోబ్ గ్రిమ్ 1822లో సూత్రీకరించాడు. అందుకే ‘పైన’ అనే అర్థంలో సంస్కృతంలో ‘ఉపరి’ ఉండగా, గోతిక్‌లో ‘ఉఫర్’, ఇంగ్లీషులో ‘ఓవర్’ కనిపిస్తాయి. కెల్టిక్ శాఖలో ఆ పకారం ఇటువంటి చోట్ల పూర్తిగా లోపించింది. కనుక అదే మాట ప్రాచీన ఫ్రాన్సు దేశపు గాలిష్ భాషలో ‘వెర్’, వెల్ష్‌లో ‘గోర్’, ఐరిష్‌లో ‘ఫోర్’ అయింది.

క్రీ.పూ. 52లో జూలియస్ సీజర్‌ను ఎదిరించి ఓడిన గాలిష్ వీరుని పేరు వెర్‌కింగెటోరిక్స్. ‘యోధులకు అధిరాజు’ అని ఆ పేరుకు అర్థం చెబుతారు. అందులోని ‘రిక్స్’ మన ‘రాజు’కు బంధువు, ‘వెర్’ మన ‘ఉపరి’కి బంధువు. రోమన్ లిపిలో జర్మన్ ‘ఫెర్’ను, ఈ ‘వెర్’ను ఒకే మూడక్షరాలతో వ్రాస్తారు. కాని జర్మన్ ఉపసర్గ ‘ప్ర’, ‘పరి’ మొదలైన వాటి వంశానిది. చూడటానికి ఒకటిగా ఉన్నవి వేరు. వేరుగా కనిపించే ‘ఉపరి’, ‘వెర్’ ఒకటి. రూపం చూసి నమ్మినవాడు ఇక్కడ మోసపోతాడు. నియమాన్ని అనుసరించినవాడు నిజాన్ని చేరుకుంటాడు.

ఐరిష్‌లో నేటికీ ‘సొఖర్’ అంటే మేలు, ‘దొఖర్’ అంటే కీడు. ‘సుగుణం’, ‘దుర్గుణం’ అనే మాటలలోని ఉపసర్గలే అక్కడ ‘సొ’, ‘దొ’ రూపాలలో వినిపిస్తున్నాయి. గాలిష్‌కు ఆ భాగ్యం లేదు. దానిని మాట్లాడేవారు కాలగర్భంలో కలిసిపోయారు. అయినా ఓడిన ఒక రాజు పేరు ముందు నిలిచిన చిన్న ఉపసర్గ, ఆ జాతి ఏ కుటుంబానికి చెందినదో ఇంకా చెబుతూనే ఉంది.