సీసా తిరిగొచ్చింది... లొట్టి చెట్టుమీదే ఉంది!

ఊరి మధ్యలోంచి మూడు కాలువలు పారుతాయి కాబట్టి తెనాలిని ఆంధ్రా ప్యారిస్ అంటారు. నాటకం, సినిమా, సాహిత్యం... అన్నిటి రుచీ తెలిసిన ఊరది. అలాంటి ఊళ్లో సాయంత్రం పూట నచ్చిన బీరు ఒకటి చల్లగా తాగాలనుకునే వాళ్లకి 2019 అక్టోబరు నుంచి అయిదేళ్లపాటు గడ్డుకాలమే నడిచింది.

ఆ ఏడాది అక్టోబరు 1న రాష్ట్రంలో మద్యం దుకాణాలను ప్రభుత్వమే నడపడం మొదలుపెట్టింది. 4,380 ఉన్నవి 3,500 అయ్యాయి. 2020 మే నెలలో రెండే రోజుల్లో ధరలు 75 శాతం పెరిగాయి. తాగుడు మాన్పించడానికే ఇదంతా అన్నారు. ఎంతమంది మానారో గానీ, బీరు ప్రియులకు మాత్రం ఎన్నడూ వినని పేర్లు పరిచయమయ్యాయి. 'ఏం కావాలి?' అని అడిగే రోజులు పోయి 'ఏముంది?' అని అడుక్కునే రోజులొచ్చాయి. పోనీ పండ్ల రుచులు కలిపిన రంగు సీసాలతో సరిపెట్టుకుందామా అంటే, మొదటిది బాగానే ఉంటుంది. చేదు మరిగిన నాలుకకు రెండోది షర్బత్తే!

2024 అక్టోబరు 16న మళ్లీ ప్రైవేటు దుకాణాలు తెరుచుకున్నాయి. లాటరీలో కేటాయించినవి 3,396. పాత పేర్లన్నీ అలమారల్లోకి తిరిగొచ్చాయి. తమాషా ఏమిటంటే, కింగ్‌ఫిషర్ కోసం ఇక్కడివాళ్లు మొహం వాచిపోయిన ఆ రోజుల్లోనే, 2021లో, దాని యాజమాన్యం హైనెకెన్ అనే డచ్చి కంపెనీ చేతికి వెళ్లింది. మన సొంతం అనుకున్న సీసా కాస్తా ఫారిన్‌ది అయ్యాక తిరిగొచ్చిందన్నమాట!

తెనాలి స్టేషన్లో బండెక్కి చెన్నై దారిలో కాస్త ముందుకెళ్తే బాపట్ల. భావనారాయణస్వామి పేరు మీద వెలసిన ఊరు. వ్యవసాయ కళాశాల దాటి సూర్యలంక సముద్రం వైపు వెళ్తుంటే నేల ఇసుకగా మారుతుంది. సరుగుడు తోటలు, జీడిమామిడి, వాటి మధ్య తాటిచెట్లు. యూరప్‌లో ఆపిల్ రసాన్ని పులియబెట్టి సైడర్ అంటారు. ఆ లెక్కన మన సైడర్ ఈ చెట్టుమీదే ఉంది. పులియబెట్టే శ్రమ కూడా అక్కర్లేదు.

గీత కార్మికుడు మోకు బిగించి పొద్దునా సాయంత్రం చెట్టెక్కుతాడు. గెల కొసను కత్తితో పల్చగా చెక్కి, కింద లొట్టి కడతాడు. చుక్కచుక్కగా దిగేది తియ్యటి నీరా. లొట్టి లోపల సున్నం పూస్తే తియ్యగానే ఉంటుంది. పూయకపోతే గాలిలోని ఈస్టు కొన్ని గంటల్లో దాన్ని కల్లుగా మార్చేస్తుంది. పొద్దున తీపి, సాయంత్రానికి పులుపు. మర్నాటికి నోట పెట్టలేం. అందుకే అది సీసాలోకి ఎక్కలేదు, ఊరు దాటలేదు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారన్న సామెత పుట్టిన చోట, కల్లు కూడా ఆ చెట్టు కింద తాగితేనే కల్లు. ఈ ఒక్క సుగుణమే దాని పాలిట శాపమైంది.

ఎక్కేవాళ్ల కష్టం సంగతి వేరే చెప్పాలా? అంత ఎత్తున పట్టు తప్పితే ప్రాణం పోవాలి, లేదంటే నడుం విరిగి మంచాన పడాలి. పిల్లల్ని ఈ పనికి పంపడం ఏ తండ్రికి ఇష్టముంటుంది!

తెనాలి నుంచే ఇంకో పాయ రేపల్లెకి వెళ్తుంది. అక్కడితో పట్టాలు ఆఖరు. ఆపైన పెనుమూడి, కృష్ణ మీద వంతెన, అవతల పులిగడ్డ. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లా వచ్చాక బాపట్ల, రేపల్లె ఒక గూటికి చేరాయి, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. జిల్లాలు మారినా కొత్త మద్యం విధానం మూడు ఊళ్లకీ ఒకటే.

ఆ విధానంలోనే గీత కులాలవారికి పది శాతం కింద 340 దుకాణాలు విడిగా కేటాయించారు. తరాలుగా చెట్టెక్కినవాళ్లు ఇక నేలమీద, కౌంటర్ వెనక కూర్చోవచ్చు. అక్కడ బీరు దొరుకుతుంది. కల్లు దొరకదు, దాని లైసెన్సు వేరు.