ఓసీ నుంచి అశ్వాపురం దాకా

నవంబర్ 18, 2024, సోమవారం

మణుగూరు ఓసీలో, అంటే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గనిలో, సెకండ్ షిఫ్ట్ దిగి అశ్వాపురంలో ఇల్లు చేరేసరికి రాత్రి పన్నెండు కావస్తోంది. దారిలో సగం రోడ్డు వడ్లే. కల్లం లేని రైతు ఎక్కడ ఆరబోసుకుంటాడు? తారు ఎండకు కాగుతుంది, గింజ తొందరగా ఆరుతుంది. వడ్ల మీద నాకు కోపం లేదు, వాటి చుట్టూ పెట్టే రాళ్ల మీదే. వడ్లు ఎత్తుకుపోయాక కూడా రాళ్లు అక్కడే ఉంటాయి. బొగ్గు దుమ్ము పట్టి రోడ్డు రంగులో కలిసిపోతాయి. ఎదురుగా టిప్పర్ ఫుల్ లైటుతో వచ్చిందంటే ఆ రాళ్లు దేవుడికే కనపడాలి.

2017 ఏప్రిల్ నుంచి కొత్త బైకులకు హెడ్‌లైటు ఆర్పే వీలే లేదు. అయినా పగలు ఎదురొచ్చేవాళ్లలో ఎవరో ఒకరు వేళ్లు ముడిచి తెరుస్తూ లైటు వెలుగుతోందని సైగ చేస్తారు. మంచి మనసే. రాత్రి డిమ్ కొట్టాలని మాత్రం ఆ చేతికి గుర్తురాదు.

డిసెంబర్ 4, బుధవారం

నైట్ షిఫ్ట్ నుంచి వస్తుంటే ఊళ్లో జనమంతా వీధుల్లో ఉన్నారు. ఏదో గొడవనుకున్నా. "భూకంపం! నీకు తెలీలేదా?" అన్నారు. 7:27కి వచ్చిందట. ములుగు జిల్లాలో మేడారం దగ్గర కేంద్రం, తీవ్రత 5.3. నాకైతే ఏమీ తెలియలేదు. ఈ గుంతల్లో బండి రోజూ ఊగేదానికి భూమి కొత్తగా ఏం కలుపుతుంది? జేబులో ఫోన్ కొట్టుకోవడం మాత్రం తెలిసింది. ఆగి చూద్దామంటే వెనక లారీ.

అదే సమయంలో నన్ను దాటిపోయిన కుర్రాడు హెల్మెట్‌కీ చెంపకీ మధ్య ఫోన్ దోపుకుని అరుస్తున్నాడు, పాపం ఇంట్లోవాళ్ల కోసమే అయి ఉంటుంది. బండి నడిపేటప్పుడు దారి చూసుకోవడానికి తప్ప ఫోన్ చేతపట్టకూడదని 2020 అక్టోబర్ 1 నుంచి రూలుంది. ఫోన్ చేతిలో లేదు కదా అంటాడేమో వాడు.

డిసెంబర్ 15, ఆదివారం

మేనల్లుడు హైదరాబాద్ నుంచి కొత్త కారులో వచ్చాడు. అద్దం మీద కెమెరా, ముందు రాడార్. "గీత దాటితే స్టీరింగ్ అదే సర్దుకుంటుంది మామా" అని భద్రాచలం తీసుకెళ్లాడు. గీతలుంటే కదా! ఉన్నచోట దుమ్ము కప్పేసింది. సారపాక దగ్గర 30వ నంబరు జాతీయ రహదారి ఎక్కేదాకా డాష్‌బోర్డులో గీతల గుర్తు వెలగనేలేదు. ఒకచోట ముందున్న ఆటో చెయ్యెత్తిన మనిషి కోసం టక్కున ఆగింది. మావాడి కాలు కదిలేలోపే కారు బ్రేకు వేసుకుంది. దాన్ని మెచ్చుకోక తప్పదు.

గోదావరి బ్రిడ్జి మీద, 1965లో రాధాకృష్ణన్ గారు ప్రారంభించిన పాతదాని మీద, మెల్లగా పోతూ, మీ గని బండ్లకు ఇలాంటి కెమెరాలు, రాడార్లు ఉంటాయా అని అడిగాడు. యంత్రాల సంగతి తర్వాత, ముందు రోడ్డు సంగతి వినమన్నా. గనిలో డంపర్లు తిరిగే మా హాల్ రోడ్డు వెడల్పు అందులో తిరిగే పెద్ద బండికి మూడింతలు. ఎత్తు మామూలుగా పదహారు అడుగులకు ఒక అడుగుకు మించదు. లోయ వైపు మట్టికట్ట ఉంటుంది. వంద టన్నుల డంపర్ క్యాబిన్‌లో కూర్చుంటే పక్కనే ఆగిన జీపు కనిపించదు. అందుకే జీపుకి పొడుగాటి కర్ర కట్టి జెండా పెడతారు. డ్రైవరుకు కనపడదని ముందే ఒప్పుకుని కట్టిన రోడ్డు అది. బయట రోడ్డు మీద ఎదుటివాడు మనల్ని చూస్తున్నాడనే ధీమా. టిప్పర్ ఎడమవైపు నుంచి సందులో దూరే ప్రతి బైకుదీ అదే ధీమా. ఆ టిప్పర్ సీట్లో ఒక్కసారి కూర్చోబెడితే చాలు, లైసెన్స్ పరీక్షలో ఎనిమిది అంకె వేయించకపోయినా ఫర్వాలేదు.

మావాడు ఊఁ కొట్టాడు. కొబ్బరికాయలు ఎక్కడ కొందామన్నాడు.

ఫిబ్రవరి 11, 2025, మంగళవారం

మిర్చి కోతలు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన కూలీలతో ట్రాలీ ఆటోలు తెల్లారకముందే బయల్దేరుతున్నాయి. ఫస్ట్ షిఫ్ట్‌కి పోతుంటే మంచులో ముందు మాటలు వినపడ్డాయి, తర్వాత బండి కనపడింది. వెనక లైటు లేదు. ఆడవాళ్లు కాళ్లు బయటకు వేలాడేసి కూర్చున్నారు.

సాయంత్రం మణుగూరులో ఎర్ర రేడియం చుట్ట కొన్నా. మా వీధి ట్రాలీ కుర్రాడిని ఆపి వెనక తలుపు తుడిచి అంటిస్తుంటే, "పోలీసోళ్లు అడుగుతున్నారా అన్నా?" అన్నాడు.

"లేదురా, వెనకొచ్చేవాడికి కనపడాలిగా."

"అయితే ముందు కూడా ఒక ముక్క వెయ్యి."

"ముందు లైట్లున్నాయిగా?"

"ఒకటే వెలుగుద్దన్నా. అందరూ బైకనుకుని మీదికొస్తున్నారు."