ఎప్పుడొచ్చేవు... ఎన్నాళ్లుంటావు?

వసిష్ఠ మీద సిద్ధాంతం వంతెన దాటి బస్సు రావులపాలెంలో ఆగేసరికి తెల్లారుతుంది. అక్కడి నుంచి కొబ్బరిచెట్లు మొదలు. కొందరికి గుండెదడ కూడా అక్కడే మొదలు!

భోగికి ముందురోజు హైదరాబాద్, బెంగళూరు, చెన్నైల నుంచి కోనసీమకు వచ్చే బస్సులన్నీ కిటకిటలాడుతుంటాయి. ఒళ్లో పిల్లలు, కాళ్ల దగ్గర సంచులు, మొహాల్లో పండగ. ఆ సందట్లో ఒకరిద్దరు మాత్రం కిటికీ పక్కన ముడుచుకుని కూర్చుని లోలోపల ఏదో వల్లె వేసుకుంటూ కనిపిస్తారు. 'నిన్న రాత్రే బయల్దేరానండి... ఆదివారం దాకా ఉంటానండి... ఉద్యోగం బాగానే ఉందండి...' పరీక్షహాలు బయట నిలబడ్డ పదోతరగతి పిల్లాడిలా!

ఊరంటే ఇష్టం లేక కాదు. పనసాకు దొన్నెల్లో ఉడికిన పొట్టిక్కలంటే ప్రాణం. కాలవగట్టు మీద నడవడమంటే ఇంకా ప్రాణం. భయమల్లా వాకిట్లో అడుగుపెట్టగానే ఎదురయ్యే ఆ నలుగురితోనే. వాళ్ల మధ్య కూర్చుని ఏదో ఒకటి మాట్లాడాలి. మిగతావాళ్లకి అది పిచ్చాపాటీ. వీళ్లకు కత్తిమీద సాము.

కోనసీమ సంక్రాంతి అనగానే అందరూ కోడిపందేలూ పూతరేకులూ అంటారు. నిజానికి ఆ మూడురోజులూ ఇక్కడ ఎక్కువగా ఖర్చయ్యేది బియ్యప్పిండీ బెల్లమూ కాదు, మాటలు. గౌతమికీ వసిష్ఠకీ సముద్రానికీ మధ్య ముక్కోణంలా ఒదిగిన సీమ ఇది. 2022 ఏప్రిల్‌లో జిల్లా అయింది. తోటలో ఇల్లు, ఇంటి ముందు అరుగు, అరుగు మీద మనుషులు. పాత మండువా ఇళ్లు తగ్గి, అరుగుల చోట గ్రిల్లు వరండాలూ ప్లాస్టిక్ కుర్చీలూ వచ్చాయి. కూర్చునేవాళ్లు మాత్రం తగ్గలేదు.

అరుగు మీద విచారణ

ప్రశ్నలకు ఇక్కడో వరస ఉంది. "ఎప్పుడొచ్చేవు?"తో మొదలు. తర్వాత "ఒక్కడివే వచ్చేవా?" ఆ వెంటనే "ఎన్నాళ్లుంటావు?" ఇంకా సంచి కింద పెట్టకుండానే వెళ్లే తారీఖు చెప్పాలి! "చిక్కిపోయేవేంటి?" అన్నది నాలుగోది. బరువు ఎంత పెరిగినా ఈ ప్రశ్న మారదు. అక్కడి నుంచి బండి జీతం మీదుగా పెళ్లి వైపు మళ్లుతుంది. "పప్పన్నం ఎప్పుడు పెడతావురా అబ్బాయ్?"

బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఓ కుర్రాడు ఈ వరసకి భయపడే మూడు సంక్రాంతులకు ఊరు రాలేదు. అంబాజీపేట దగ్గర వాళ్లది. మొదటి ఏడు పని ఎక్కువగా ఉందన్నాడు. రెండో ఏడు సెలవు దొరకలేదన్నాడు. మూడో ఏడు జ్వరమన్నాడు. ఇంట్లోవాళ్లు నమ్మారో లేదో తెలీదు. నాలుగో ఏడు వాళ్ల మామ్మ ఫోన్ చేసింది. ఎనభై దాటిన మనిషి. "నువ్వొస్తేగాని నన్ను తీర్థానికి తీసుకెళ్లేవాళ్లు లేర్రా" అంది. అది నిజం కాదని ఇద్దరికీ తెలుసు. ఇంటినిండా మనుషులే. అయినా టిక్కెట్టు తీసుకున్నాడు.

భోగినాడు పొద్దున్నే పరీక్ష మొదలైంది. మంట చుట్టూ చేరినవాళ్లు ఒక్కొక్కరే పలకరించారు. వల్లె వేసుకున్న జవాబులు మూడు నిమిషాల్లో అయిపోయాయి. తర్వాతేం మాట్లాడాలి? అరచేతులు తడిసిపోయాయి. నోరు పిడచకట్టుకుపోయింది. రాని మెసేజ్ కోసం ఫోన్ వంక చూశాడు. కాసేపటికి కొబ్బరికాయలు లెక్కపెడతానంటూ పెరట్లోకి వెళ్లిపోయాడు. ఆ కాయల్ని ముందురోజే లెక్కపెట్టి అమ్మేశారు!

రాత్రి పడుకున్నాక అసలు నరకం. 'బాబాయి జీతం ఎంతని అడిగితే పర్లేదండి అన్నాను. పొగరనుకున్నాడేమో. అత్త పక్కన కూర్చోమంటే నిలబడే ఉన్నాను. ఏమనుకుందో...' పొద్దున జరిగింది అయిదు నిమిషాలు. రాత్రి దాన్ని తిరగేసింది రెండు గంటలు.

ఇది ఉత్త సిగ్గు కాదు. సిగ్గు కాసేపటికి కరుగుతుంది. నలుగురూ తనను తూకం వేస్తున్నారన్న భయం మనిషి చదువునూ ఉద్యోగాన్నీ రాకపోకల్నీ ఆపేసే స్థాయికి వస్తే దాన్ని మానసిక వైద్యులు ఓ సమస్యగానే లెక్కిస్తారు. అమెరికా వైద్యుల జాబితాలో దీనికి చోటు దొరికింది 1980లో. ఇందులో పెద్ద చిక్కేమిటంటే, తప్పించుకున్న ప్రతిసారీ ప్రాణం హాయిగా ఉంటుంది. ఆ హాయే మరుసటి ఏడాది భయానికి ఎరువు. రెండో చిక్కు, మాట్లాడుతున్నంతసేపూ చూపు ఎదుటివాళ్ల మీద ఉండదు, తన మీదే ఉంటుంది. నా గొంతు వణుకుతోందా, నా మొహం ఎర్రబడిందా... ఆ లెక్కల్లో పడి అవతలివాళ్ల మాట సగమే వినపడుతుంది.

మరి రాత్రి రెండు గంటల బాధలో నిజమెంత? అమెరికా, బ్రిటన్ పరిశోధకులు కొందరు 2018లో ప్రచురించిన అధ్యయనం కోసం ముక్కూమొహం తెలీనివాళ్లను జంటలుగా కూర్చోబెట్టి మాట్లాడించారు. తర్వాత విడివిడిగా అడిగారు. ఎదుటివాళ్లకు తాము నచ్చి ఉంటామని జనం వేసుకున్న అంచనా కంటే నిజంగా నచ్చిందే ఎక్కువని తేలింది. అంటే బాబాయి ఆ 'పర్లేదండి'ని అక్కడే మర్చిపోయి ఉంటాడు. ఆయన మనసులో ఆ పూట ఉన్నది బహుశా కొబ్బరి ధర.

జవాబు కోసం కాదు

ఈ ప్రశ్నలు అడిగేవాళ్లకు జవాబులు కావాలా? బ్రోనిస్లా మాలినోవ్‌స్కీ అనే మానవశాస్త్రవేత్త పసిఫిక్‌లోని ట్రోబ్రియాండ్ దీవుల్లో ఉండి వచ్చాడు. విషయం తెలుసుకోడానికి కాకుండా కేవలం మనుషుల్ని కలిపి ఉంచడానికే పుట్టే మాటలు కొన్ని ఉంటాయని 1923లో రాశాడు. ఎలా ఉన్నావు, ఎక్కడి నుంచి వస్తున్నావు లాంటివి. ఆయన అంబాజీపేట వచ్చి ఉంటే అంత దూరం వెళ్లక్కర్లేకపోయేది. "ఎప్పుడొచ్చేవు?" అన్న పెద్దాయన బస్సు టైము అడగడం లేదు. నువ్వు వచ్చిన సంగతి చూశాను అంటున్నాడు. అంతే.

దానికి తగ్గ జవాబు కూడా కోనసీమ దగ్గర తయారుగా ఉంది. ఆయ్! ఒకటే అక్షరం. అవునన్నా ఆయ్, సరేనన్నా ఆయ్, వింటున్నానన్నా ఆయ్. మాటలు రానివాళ్ల కోసమే పుట్టిందా అనిపిస్తుంది. "ఆయ్, రాత్రే వచ్చానండి. మీ దాళ్వా నాట్లు పడ్డాయాండీ?" అని తిప్పి అడిగితే చాలు. సార్వా ధాన్యం అమ్ముడైందా, దాళ్వాకి కాలవ నీరు సరిగ్గా వస్తోందా, నాట్లకు మనుషులు దొరుకుతున్నారా... అవతలాయన దగ్గర పావుగంటకి సరిపడా సరుకు ఉంటుంది. కాటన్ దొర 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తిచేసి డెల్టాకి నీళ్లే కాదు, తరగని కబుర్లు కూడా ఇచ్చిపోయాడు.

అన్ని ప్రశ్నలూ ఇంత అమాయకమైనవని కాదు. ముప్ఫై దాటిన అమ్మాయిని పెళ్లి గురించీ, పిల్లల కోసం ఆస్పత్రుల చుట్టూ తిరుగుతున్న జంటను 'విశేషం' గురించీ పదిమందిలో అడిగితే అది పలకరింపు అనిపించుకోదు, పుండు మీద కారం. ఆ ప్రశ్నలకు వయసు మీరింది. వాటికి సెలవిచ్చేయొచ్చు. అరుగు మీద కూర్చునే పెద్దవాళ్లకు కబుర్లు తక్కువా?

ఆ కుర్రాణ్ని కాపాడింది మాత్రం వాళ్ల మేనత్త. పండగనాడు పెరట్లో దొరికిపోయినవాడి చేతిలో అరిసెల పళ్లెం పెట్టింది. "అందరికీ పెట్టు, వద్దన్నా వినకు" అంది. చేతిలో పని ఉంటే చేతులేం చెయ్యాలన్న బెంగ ఉండదు. ఎంతసేపు నిలబడాలో పళ్లెమే చెబుతుంది. అడిగేదీ ఒకటే మాట, "ఇంకోటి వేయమంటారా?" ఆ రోజు పళ్లెం మూడుసార్లు ఖాళీ అయింది. ఫోన్ గదిలోనే ఉండిపోయిన సంగతి సాయంత్రం దాకా గుర్తురాలేదు.

దేవుళ్ల పలకరింపులు

కనుమనాడు మామ్మను తీసుకుని జగ్గన్నతోట వెళ్లాడు. అంబాజీపేట మండలం మోసలపల్లి దగ్గరి కొబ్బరితోట అది. అక్కడ గుడి లేదు, గోపురం లేదు. ఏడాదికి ఒక్కరోజు చుట్టుపక్కల ఊళ్ల నుంచి పదకొండుమంది రుద్రులు ప్రభలెక్కి అక్కడికి వస్తారు. లోకం మంచిచెడ్డలు మాట్లాడుకోడానికట! వ్యాఘ్రేశ్వరం, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల... ఊరికో శివుడు. వెదురూ చెక్కా కట్టి, రంగుల గుడ్డలూ పూలూ గంటలతో అలంకరించిన ఎత్తైన ప్రభల్ని కుర్రాళ్లు భుజాల మీద మోసుకొస్తారు. 2023 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటంగా వెళ్లింది ఈ ప్రభల తీర్థమే.

గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం ప్రభలు రావడమే ఓ వేడుక. దారిలో కౌశిక అడ్డం. వంతెన వెతుక్కోరు. ప్రభను భుజాల మీదే ఉంచుకుని నీళ్లలోకి దిగిపోతారు. "అశ్శరభ శరభ" అన్న కేకలు గట్టు దద్దరిల్లేలా వినిపిస్తాయి. ఒడ్డెక్కాక పచ్చటి చేల మీదుగా నడక. పైరు తొక్కుడైనా రైతు పల్లెత్తు మాట అనడు. శివుడు తన చేలోంచి నడిచాడని మురిసిపోతాడు.

ఈ దేవుళ్ల సభకూ మర్యాదలున్నాయి. మోసలపల్లి భోగేశ్వరుడిది ఆతిథ్యం. అందుకని ఆయన అందరికంటే ముందొస్తాడు. పెద్దరికం వ్యాఘ్రేశ్వరుడిది. ఆయన ప్రభ తోటలోకి రాగానే మిగతా ప్రభలన్నిటినీ ఓసారి పైకెత్తి దించుతారు. లేచి నిలబడి నమస్కారం పెట్టడమన్నమాట. ఎవరు ఎప్పుడు రావాలో, ఎవరికి ఎలా లేవాలో దేవుళ్లకే ముందుగా రాసిపెట్టి ఉంది. తడబడే పనే లేదు.

తోటలో ఇంకో సుఖం కూడా ఉంది. అక్కడ ఎవరూ ఎదురెదురుగా కూర్చోరు. పక్కపక్కన నిలబడి అందరూ ఒకవైపే చూస్తుంటారు. మొహంలో మొహం పెట్టి మాట్లాడక్కర్లేదు. మాట ఆగిపోయినా ఎవరికీ ఇబ్బందిగా ఉండదు. డప్పులూ గంటలూ ఆ ఖాళీని నింపేస్తాయి.

కుర్రాడి పక్కన తలపాగా చుట్టిన ఓ పెద్దాయన నిలబడ్డాడు. కాసేపు ప్రభల్ని చూసి, కాసేపు కుర్రాణ్ని చూసి, "ఎవరబ్బాయివి బాబూ?" అన్నాడు. తాత పేరు చెప్పాడు. పెద్దాయన మొహం విప్పారింది. "ఓర్నీ! మీ తాతా నేనూ ముక్కామల బడికి కలిసి వెళ్లేవాళ్లం. ఎప్పుడొచ్చేవు?"

"ఆయ్, భోగినాడొచ్చానండి" అన్నాడు. అరచేతులు ఇంకా చెమ్మగానే ఉన్నాయి. ఓ క్షణం ఆగి, "బడికి ఎలా వెళ్లేవారండీ, నడిచా?" అని అడిగాడు.

పెద్దాయన మొదలుపెట్టాడు. కాలవగట్టు, మాస్టారి బెత్తం, దొంగతనంగా దించిన బొండాలు... మామ్మ మధ్యలో అందుకుని రెండు తప్పులు దిద్దింది. కుర్రాడు 'ఆయ్' కొడుతూ వింటూ ఉండిపోయాడు.

ఇలాంటి భయం మరీ మనిషిని గదిలోంచి కదలనివ్వకపోతే పళ్లేలూ కబుర్లూ సరిపోవు. వైద్యుణ్ని కలవాల్సిందే. మాటలతో చేసే చికిత్సకే ఇది చాలామందిలో లొంగుతుంది. ముందు ఫోన్లో మాట్లాడదామనుకుంటే, 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ టెలి మానస్ నంబరు 14416 ఉంది. తెలుగులోనే మాట్లాడతారు.

పొద్దు వాలుతుంటే ప్రభలు ఒక్కొక్కటే తోట వదిలాయి. ఇల్లుగలవాడు కాబట్టి భోగేశ్వరుడు అందరినీ సాగనంపి ఆఖరున కదలాలి. జనం పలచబడ్డారు. పెద్దాయన ఇంకా బడి దాటలేదు. "చీకటి పడుతోంది, పదరా" అంది మామ్మ.

"ఉండవే, మోసలపల్లి ప్రభ ఇంకా వెళ్లలేదు" అన్నాడు కుర్రాడు.