సవరం చిక్కు – నా తప్పు ఒప్పుకోలు



పోయిన నెల మీటింగులో చాలామంది అడిగినారు, "వదినమ్మ ఎందుకు రాలేదు అన్నా?" అని. మోకాళ్ళ నొప్పి అని చెప్పినాను. అది అబద్ధం. ఆమె సవరం చిక్కుపడిపోయింది. సవరం లేకుండా ఆమె వాకిలి దాటదు. చిక్కు పెట్టింది నేనే. ఆ సంగతి రాస్తాను, కొంచెం పొడుగవుతుంది, ఓపికగా చదవండి.

మా నాయన రైల్వే ఉద్యోగం వల్ల నేను చదివింది జోలార్‌పేటలో, తమిళ మీడియం. తెలుగు అక్షరాలు అమ్మ దగ్గర నేర్చుకున్నవే, తప్పులుంటే క్షమించాల. మనం సవరం అనేదాన్ని అక్కడ సవురి అంటారు, కన్నడంలో చౌరి. చిక్కుకు మాత్రం మూడు భాషల్లోనూ దాదాపు ఒకటే మాట. తమిళంలో సిక్కు, కన్నడంలోనూ సిక్కే. వాకిట్లో వేసే మెలికల ముగ్గును కూడా అక్కడ సిక్కు కోలం అంటారు.

మా ఆమెకు పెళ్ళినాడు నడుము దాటిన జడ. 2006లో మన పక్కంతా చికెన్‌గున్యా వచ్చింది, గుర్తుందా? ఆ జ్వరం తరువాత కీళ్ళు పట్టేసినాయి, దువ్వితే దువ్వెన నిండా వెంట్రుకలు. మామూలుగా ఎవరికైనా రోజుకు 50 నుంచి 100 రాలుతాయి, మళ్ళీ వస్తాయి. ఆమెకు సగం తిరిగి రాలేదు. రాలినవన్నీ చుట్టచుట్టి గుడ్డసంచిలో పెట్టింది. వీధిలో స్టీలు సామాన్లిచ్చి వెంట్రుకలు కొనేవాడు ఎన్నిసార్లు అడిగినా ఇవ్వలేదు. వాళ్ళమ్మ వెంట్రుకలు కొన్ని ముందే దాచి ఉంటే, అవీ ఇవీ కలిపి మూడుపాయల సవరం కట్టించుకుంది. అప్పుడు నేను నవ్వినాను. ఆ నవ్వు ఆమె ఇంతవరకు మరిచిపోలేదు.

రెండేళ్ళ కింద ఆమెకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి బలం తగ్గింది. అప్పట్నుంచి జడ వేసేది నేను. ముప్పై ఏళ్ళు గూడ్స్ రసీదులు రాసిన చెయ్యి, మూడు పాయలు అల్లేదానికి నెల పట్టింది.

ఇక తప్పు సంగతి. ఒకరోజు సవరం మాసింది కదా అని బకెట్లో బట్టల సోపుపొడి వేసి నానబెట్టి, చొక్కా కాలరు రుద్దినట్టు రుద్ది, పిండి, దండెం మీద ఎండలో వేసినాను. సాయంత్రానికి పిచ్చుకగూడు. కత్తెర తీసుకున్నాను. ఆమె ఒకటే మాట అనింది: "అందులో మా అమ్మ ఉంది. కత్తిరించొద్దండి."

కొత్తది కొందామని తుమకూరులో ఒక అంగట్లో కొన్నాను. పట్టులా జారింది. రెండునెలల్లో అదీ గడ్డకట్టింది. ఎందుకని విచారిస్తే తెలిసింది. వెంట్రుక పైన చేప పొలుసుల్లాంటివి ఉంటాయి, అన్నీ కొస వైపుకు వాలి. మొదలు నుంచి కొసకు వేలు జరిపితే నున్నగా, ఎదురు జరిపితే గరుకుగా తగులుతుంది, చూడండి. గుండు చేయించిన గుత్తిలో మొదళ్ళన్నీ ఒక పక్కే ఉంటాయి, పొలుసులు ఒకదానికొకటి అడ్డం రావు. అందుకే తిరుమల వెంట్రుకలకు అంత గిరాకీ. టీటీడీ పొడుగును బట్టి వేరుచేసి ఈ-వేలంలో అమ్ముతుంది. దువ్వెనలో రాలినవి తలకిందులుగా కలిసిపోయి ఉంటాయి. మన కొప్పళ పక్కన భాగ్యనగరలో ఆడవాళ్ళు కూర్చుని అట్లాంటి చుట్టలను చేత్తో విడదీస్తారు. కొన్నిచోట్ల యాసిడ్‌తో పొలుసులు తీసేసి సిలికాన్ పూత పూస్తారు. నాలుగు తలస్నానాలకు పూత పోతుంది, చిక్కు మొదలవుతుంది. నేను కొన్నది అదే అయ్యుండాల.

మా ఆమెది రాలిన వెంట్రుకల సవరం కాబట్టి దానికి చిక్కు పుట్టుకతోనే ఉంది. చివరికి శనిమహాత్మ గుడి దగ్గర పూలమ్మే ఒక అవ్వ చూసి, "కొసనుంచి రావాల నాయనా, పైనుంచి దువ్వితే ముడులన్నీ కిందికి పోయి బిగుసుకుంటాయి. ముడి ఉండగా తడపొద్దు" అనింది. పెద్దపళ్ళ దువ్వెన, నాలుగు చుక్కల కొబ్బరినూనె. ముడికి పైన ఎడమచేత్తో గట్టిగా పట్టుకోవాల, లేకపోతే కుచ్చు దారం తెగుతుంది. కింద రెండు అంగుళాలు, తరువాత ఇంకో రెండు. నాలుగు సాయంత్రాలు పట్టింది. ఆమె పక్కన కూర్చుని ఎడమచేత్తో ముడులు చూపించింది. ఊడిపోయింది పిడికెడు లోపలే.

ఇప్పుడు మా ఇంట్లో పద్ధతి ఇది. కడిగే ముందు చిక్కు తీసి వదులుగా అల్లుతాను. సీకాయ నీళ్ళు పైనుంచి కిందికి పోయడమే, రుద్దేది లేదు, పిండేది లేదు. మన పావగడ బోరునీళ్ళు ఎంత గడుసువో మీకు తెలుసు, వెంట్రుక గరుకెక్కుతుంది. అందుకని చివర్లో ఒక చెంబు ఫిల్టరు నీళ్ళలో నిమ్మరసం పిండి పోస్తాను. తువ్వాలుతో అద్ది, కుచ్చు దగ్గర వేలాడదీసి నీడన ఆరబెట్టాల. తడిగా అల్లితే మళ్ళీ గడ్డ. తలలోని జిడ్డు దానికి అందదు కాబట్టి కొసలకు ఒకటి రెండు చుక్కల నూనె చాలు. నెలకొకసారి కడిగితే ఎక్కువ. పడుకునే ముందు తీసేసి అల్లి, పాత నూలుచీర ముక్కలో చుట్టిపెట్టాల. పూలు తీసేటప్పుడు దారం లాగొద్దు, కత్తిరించండి. మా ఇంట్లో సగం ముడులు మల్లెపూల దారంతో వచ్చినవే.

నైలాన్ సవరాలున్నవాళ్ళు వేడినీళ్ళు, ఇస్త్రీ దగ్గరికి పోనివ్వకండి, ముడుచుకుపోతుంది. నూనె కూడా వద్దు, దుమ్ము పడుతుంది.

ఇదంతా రాసి ఆమెకు చదివి వినిపించినాను. ఒక వాక్యం తీసేయమనింది, తీసేసినాను. ఈ ఆదివారం మీటింగుకు వస్తుంది. చెల్లెళ్ళారా, మీకు ముందే చెప్తున్నా, జడ పట్టుకుని చూడొద్దు. చూడాలంటే ఇంటికి రండి, దువ్వెన తెచ్చుకోండి.